మువ్వగోపాలుడికి మీ కాపలా అక్కర్లేదు

సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో హరిహర కళాభవన్ ఉంది. అక్కడైనా, రవీంద్రభారతిలోనైనా, క్షేత్రయ్య పదం మొదలయ్యే ముందు మైకు పట్టుకున్నవాళ్ళు ఒక మాట చెప్పి తీరతారు: ఇది జీవాత్మ పరమాత్మ కోసం పడే తపన అని. ఎవరడిగారు మిమ్మల్ని?

క్షేత్రయ్య నాయిక తన మువ్వగోపాలుడి కోసం విరహంతో వేగిపోయి ఊరుకోదు. అలుగుతుంది. ఇంకొకతె గోటి గుర్తులు చూసి నిలదీస్తుంది. డబ్బు సంగతి తేల్చమంటుంది. ఒక పదంలో పెళ్ళయిన ఆడది తన ప్రియుణ్ణి, నిలిచిన కడుపు పోవడానికి ఏదైనా వేరు తెచ్చిపెట్టమని అడుగుతుంది. ఆ కడుపు కూడా జీవాత్మదేనా?

ఈ మోహాన్నే ఇవాళ్టి పిల్లలు గజ్జెలు విప్పి, తోడి రాగాలాపన మీద ఇద్దరు మనుషుల కథగా ఆడితే మాత్రం సంగీతం మైలపడిందని గగ్గోలు. నృత్యదర్శకుడు యీరీ కిలియాన్ 1991లో మొజార్ట్ పియానో కన్చెర్టోల్లోని నెమ్మది భాగాలు తీసుకుని, ఆరుగురు ఆడవాళ్ళనూ ఆరుగురు మగవాళ్ళనూ కత్తులనూ వేదికెక్కించి కోరికనే ఆడించాడు. మొజార్ట్ చెక్కుచెదరలేదు. అంత దూరం ఎందుకు, మన చంద్రలేఖ 2001లో 'శరీర' నృత్యాన్ని ధ్రుపద్ మీదే కట్టింది. ధ్రుపద్‌కీ ఏమీ కాలేదు.

మన దగ్గర ఈ భయానికి వయసుంది. ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠంతో అచ్చువేయిస్తే బూతు అన్నారు. వీరేశలింగం అంతకుముందే ఆ కవయిత్రిని ఈసడించారు. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి ప్రకాశం పంతులు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రీమియర్ కావలసివచ్చింది. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. ఆడపిల్లల్ని గుడికి అంకితమివ్వడం ఆపడం న్యాయమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ పదాన్ని తరాల తరబడి మోసిన కలావంతుల ఆడవాళ్ళను వేదిక దింపి, ఆ పదాన్నే మంచింటి ఆస్తిగా రాసుకోవడం ఏ న్యాయం? గోదావరి జిల్లాల్లో వాళ్ళు ఇళ్ళ లోపల, కూర్చునే, చూపుతో చేతులతో అభినయం పట్టి దాన్ని బతికించుకున్నారు. వాళ్ళ ఒంటిని సిగ్గన్నవాళ్ళే వాళ్ళ పాటను సంప్రదాయమన్నారు. దొంగతనానికి ఇంతకన్నా మర్యాదైన పేరు నాకు దొరకదు.

నాట్యం చేసే పిల్లలారా, మీకూ ఒక మాట. పదాన్ని వెనకాల మోగే రికార్డింగుగా వాడుకుని చేతులు దులుపుకోకండి. చరణం చరణం చదవండి. నాయిక ఎవరితో మాట్లాడుతోందో, ఎందుకు అలిగిందో తెలుసుకోండి. ఆ విలంబ కాలంలో ఒక్క చూపు ఎంతసేపు నిలవాలో కలావంతుల వారసుల దగ్గరికి వెళ్ళి నేర్చుకోండి. వాళ్ళ పేర్లు కరపత్రంలో మీ పేరు పక్కనే, అదే అక్షరం సైజులో వేయండి.

నిర్వాహకులకు చెప్పేది ఒక్కటే. వచ్చే కార్యక్రమంలో పదం పూర్తి పాఠం అచ్చువేసి ప్రేక్షకుల చేతికివ్వండి, మైకు కట్టేయండి.