ఆస్కార్ల లెక్క ఎవరైనా చెబుతారు

పాత హాలీవుడ్ సినిమాలంటే ఇష్టమున్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే, వాళ్లలో అసలైన అభిమాని ఎవరో తేల్చడానికి మనవాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. గ్రెగరీ పెక్ సంగతే తీసుకోండి. 1916లో కాలిఫోర్నియాలోని లా హోయాలో పుట్టాడని, ఐదుసార్లు ఆస్కార్‌కు నామినేట్ అయి 1962 నాటి ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’కి ఒక్కసారే అందుకున్నాడని, ‘రోమన్ హాలిడే’లో కొత్తమ్మాయి ఆడ్రీ హెప్‌బర్న్ పేరు కూడా తన పేరుతో సమానంగా వేయమని తానే అడిగాడని ఎవరు తడుముకోకుండా చెబితే వాళ్లే పండితులు. “మా చిన్నాన్న నన్ను అబిడ్స్ తీసుకెళ్లి చూపించాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ...” అని ఎవరైనా మొదలుపెడితే మధ్యలోనే ఆపేస్తారు. సమాచారం చెప్పవయ్యా, నీ సొంత గోల ఎందుకు అంటారు. చదువుకున్న సినీ విమర్శకుల అభిప్రాయమూ ఇదే. తేదీలు, అవార్డులు, తెరవెనుక విశేషాలు జ్ఞానమట. ఎవరితో వెళ్లాం, ఏ తరగతిలో కూర్చున్నాం అన్నది కాలక్షేపమట.

ఈ అంచనా పూర్తిగా తలకిందులని నా వాదన. పెక్ పుట్టినరోజు కాలిఫోర్నియాలో ఎవరో ఎప్పుడో రాసి పెట్టేశారు. దాన్ని మనం మళ్లీ చెప్పినా, చెప్పకపోయినా అది ఎక్కడికీ పోదు. చిన్నాన్న వెంట వెళ్లిన ఆ కుర్రాడు చూసింది మాత్రం అతను చెబితేనే ఉంటుంది, లేదంటే అతనితోనే పోతుంది. మనం ఆపేస్తున్నది ఆ కుర్రాణ్నే.

ఆదివారం పొద్దున హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, మూసి ఉన్న దుకాణాల షట్టర్ల ముందు పరిచే పాత పుస్తకాల వరసల్లో ఈ పోకడ బాగా కనిపిస్తుంది. పాత ‘లైఫ్’ సంచిక మీద హాలీవుడ్ తార బొమ్మ ఉంటే దానికి గిరాకీ. దొరికినవాళ్లు పక్కనున్నవాళ్లకు చూపించి, ఆ తార గురించి తమకు తెలిసిన నాలుగు విశేషాలూ చెబుతారు. నాకూ ఆ పుస్తకాలంటే ప్రాణమే. ఆ నాలుగు విశేషాలూ ఆ పుస్తకంలోనే అచ్చై ఉన్నాయని మాత్రం చెప్పక తప్పదు. ఆ వరసల పక్కనే నిలబడి మాట్లాడుకుంటున్న పెద్దమనిషికి ఆ బొమ్మను తెరమీద ఈ ఊళ్లో ఎలా చూశారో తెలుసు. అది ఏ సంచికలోనూ లేదు.

ఈ తేడా ఎంత పెద్దదో చెప్పడానికి పెక్ సినిమాల్లోనే ఒకటి చాలు. 1969 నాటి ‘మెకన్నాస్ గోల్డ్’. దర్శకుడు జె. లీ థాంప్సన్, పెక్‌తో అంతకుముందు ‘గన్స్ ఆఫ్ నవరోన్’ తీసిన మనిషి. తోడుగా ఒమర్ షరీఫ్, టెలీ సావలాస్. అమెరికాలో ఆ సినిమా ఆడలేదు. సోవియట్ యూనియన్‌లో కోట్లమంది చూశారు. మన దేశంలో ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ విడుదలై ఆడింది. పెక్ పేరు చెప్పగానే అమెరికా వాళ్లకు ‘మాకింగ్‌బర్డ్’లోని లాయర్ ఆటికస్ ఫించ్ గుర్తొస్తే, మన దగ్గర ఒక వయసు దాటినవాళ్లకు గుర్రం మీద బంగారు లోయ వెతుక్కుంటూ పోయే మెకన్నా గుర్తొస్తాడు. అక్కడి లెక్కల్ని బట్టీపట్టిన అభిమాని ఈ సినిమాను పెక్ ఫ్లాపుల్లో వేసి ముందుకు పోతాడు. తన ఊరి జనం దాన్ని ఎందుకు నెత్తిన పెట్టుకున్నారో అడగడు. ఆ జవాబు చెప్పగలిగిన మనిషి పక్కనే ఉన్నా సరే.

జవాబు కొంత సినిమాలోనే ఉంది. మాటలు అర్థం కాకపోయినా కథ అర్థమవుతుంది. నిధి, దారి, వెంటాడే దొంగలు, చివర్లో భూకంపం, కూలిపోయే కొండలు. నిధి దారి చూపే పటాన్ని మెకన్నా మొదట్లోనే కాల్చేస్తాడు. ఆ క్షణం నుంచి దారి అతని తలలో తప్ప ఇంకెక్కడా లేదు. అందుకే దొంగల నాయకుడు కొలరాడో అతన్ని చంపకుండా వెంట తిప్పుకుంటాడు. ఇంగ్లీషు రానివాడికి కూడా ఈ మెలిక ఇట్టే తెలుస్తుంది.

మిగతా జవాబు తెలుగు సినిమాలో ఉంది. 1971 ఆగస్టు 27న ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది. పద్మాలయా వాళ్ల చిత్రం. కృష్ణ కథానాయకుడు, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, రచన ఆరుద్ర. ‘ద గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’, ‘మెకన్నాస్ గోల్డ్’ ప్రభావం అందులో ఉందని అందరూ ఒప్పుకునేదే. రాజస్థాన్ ఎడారిలో గుర్రాలు పరుగెత్తించారు. ఆరుద్ర ఆ కౌబాయ్ కథను అమరవీడు సంస్థానం నిధి కథగా మార్చి, నాగభూషణానికి నక్కజిత్తుల నాగన్న అనే పాత్ర ఇచ్చాడు. దీన్ని “కాపీ” అని ఒక్క మాటలో కొట్టిపారేసేవాళ్లు చాలామంది. ఒక దేశం కథను ఇంకో దేశానికి తెచ్చి, పాలెగాళ్ల, సంస్థానాల జ్ఞాపకంలో దాన్ని నాటి, జనం చేత ఈలలు వేయించడం చిన్న పని కాదు. ఆ జనం అప్పటికే ఇంగ్లీషు బొమ్మల్లో గుర్రాలనూ తుపాకులనూ చూసి ఉన్నారు. ఎవరు చూశారు, ఎక్కడ చూశారు, ఎన్నిసార్లు చూశారు? తెలుగు సినిమా చరిత్ర రాయాలంటే ఇది తెలియాలి. ఆస్కార్ల పట్టికలో ఇది దొరకదు.

ఇంకా వెనక్కి వెళ్తే, నటుడు చిత్తూరు నాగయ్యను భారతదేశపు పాల్ ముని అన్నారు. మనం ఆ బిరుదును నాగయ్యకు దక్కిన గౌరవంగా మాత్రమే చెప్పుకుంటాం. పాల్ ముని లూయీ పాశ్చర్, ఎమిల్ జోలా వంటి మహనీయుల జీవిత పాత్రలు వేసిన నటుడు. నాగయ్య పోతన, త్యాగయ్య, వేమన వేశాడు. ఆ పోలిక తట్టినవాళ్లు 1940ల్లోనే పాల్ మునిని శ్రద్ధగా చూసిన ప్రేక్షకులు. బిరుదు నాగయ్యదే అయినా, అందులో ఆ ప్రేక్షకుల చూపు దాగి ఉంది. వాళ్ల గురించి మనకు ఏం మిగిలింది? బిరుదొక్కటే.

జ్ఞాపకాలు నమ్మదగినవి కావన్నది గట్టి అభ్యంతరమే. మనుషులు సంవత్సరాలు కలిపేస్తారు, ఒక టాకీసులో చూసింది ఇంకో టాకీసుకు అంటగడతారు. నిజమే. దానికి మందు ఉంది. ఆనాటి దినపత్రికల్లో ఏ హాల్లో ఏ ఆట ఆడుతోందో ప్రకటనలు వచ్చేవి, వాటితో సరిచూడవచ్చు. సరిచూడాలంటే ముందు చెప్పనివ్వాలి కదా. టాకీసుల వాళ్లు రోజువారీ వసూళ్లు రాసిన డీసీఆర్‌లు హాలు మూతపడ్డాక చిత్తుకాగితాల వాళ్లకు పోయాయి. పుణెలో 1964లో పెట్టిన జాతీయ ఫిలిం ఆర్కైవ్ ప్రింట్లనూ పోస్టర్లనూ దాచింది. నాంపల్లి స్టేషన్లో బండి దిగి, ఆటకు టైముందని చాయ్ తాగి, తర్వాత హాల్లో చీకట్లో కూర్చున్న మనిషిని ఏ ఆర్కైవూ దాచలేదు. అబిడ్స్‌లో ప్యాలెస్ టాకీస్, జమర్రుద్ మహల్ ఇప్పుడు పాతవాళ్ల నోటి మాటలోనే ఉన్నాయి.

విశేషాల పోటీ చేసే ఇంకో అన్యాయం ఉంది, నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. ఆ పోటీలో గెలవాలంటే ఇంగ్లీషు పుస్తకాలు చదివి ఉండాలి. కాబట్టి మాట్లాడేది చదువుకున్న మగవాళ్లే. ప్రొజెక్టర్ ఆపరేటర్ మాట్లాడడు. రెండు మెషీన్ల మధ్య రీలు మార్చినవాడు, కార్బన్ కడ్డీ అరిగి తెరమీద ముఖం మసకబారుతుంటే సరిచేసినవాడు, అరిగిన ప్రింటు ఎక్కడ తెగి ఎక్కడ అతికిందో తెలిసినవాడు అతను. గ్రెగరీ పెక్ ముఖాన్ని ఈ ఊళ్లో అతనికన్నా ఎక్కువసార్లు చూసినవాళ్లు ఉండరు. బుకింగ్ క్లర్కు మాట్లాడడు, ఏ సినిమాకు ఏ తరగతి ముందు నిండేదో అతనికి తెలిసినా. ఆడవాళ్లు అసలే మాట్లాడరు. పాత హైదరాబాద్ టాకీసుల్లో జనానా వేరుగా ఉండేది. అక్కడ కూర్చున్నవాళ్లు ఇంగ్లీషు బొమ్మను ఎలా చూశారో, అసలు ఏ ఇళ్లవాళ్లను ఇంగ్లీషు బొమ్మకు పంపేవాళ్లో మనం ఎవరినీ అడగలేదు. అడగకపోవడానికి కారణం వాళ్లకు ఆస్కార్ల లెక్క రాదనే.

పనికిరానివని పక్కన పడేసిన నోటిమాటను చదువులోకి తెచ్చిన చరిత్ర ఈ నగరానికి ఉంది. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నారు. ఆ పాటల్ని ఇవాళ ఎవరూ కాలక్షేపం అనరు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో 1985లో పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయం వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞాన పీఠం నడిపింది. పొలంలో నాట్లేస్తూ పాడిన పాట సేకరించదగినదైతే, అబిడ్స్ హాల్లో పక్కవాడు చెవిలో తెలుగులోకి మార్చి చెప్పిన ‘గన్స్ ఆఫ్ నవరోన్’ ఎందుకు కాదు? ఆ పక్కవాడికి ఇంగ్లీషు ఎంత వచ్చో తెలియదు. అతను చెప్పింది పూర్తిగా వేరే కథ అయినా కావచ్చు. నాకు కావలసింది ఆ వేరే కథే. ఒక ఊరు హాలీవుడ్‌ను తనదిగా చేసుకున్న తీరు అందులోనే ఉంది.

కాబట్టి విశ్వవిద్యాలయం వాళ్లు ఒక రికార్డర్, ఇద్దరు విద్యార్థులను ఇస్తే చాలని అడుగుతున్నాను. ఆదివారం పుస్తకాల వరసల దగ్గర మొదలుపెట్టవచ్చు. పాత ఆపరేటర్లను, గేట్ కీపర్లను వెతికి పట్టుకోవచ్చు. అభిమానులు కూడినచోట పెక్ ఎన్ని సినిమాలు చేశాడన్న ప్రశ్న కాసేపు పక్కనపెట్టి, నువ్వు చూసినప్పుడు నీ పక్కన ఎవరున్నారని అడగండి. ‘రోమన్ హాలిడే’ 1953లో వచ్చింది. అప్పుడు దాన్ని పద్దెనిమిదేళ్ల వయసులో చూసినవాళ్లకు ఇప్పుడు తొంభై అటూఇటూ. ‘మెకన్నాస్ గోల్డ్’ వచ్చిన ఏడు ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు ఇప్పుడు డెబ్బై అయిదు దాటారు. ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేసేది కాదు.