బలపాలు తినే పిల్ల

ఆడపిల్ల బియ్యపు డబ్బాలో చెయ్యి పెట్టి పిడికెడు నోట్లో వేసుకుంటే, "నీ పెళ్ళినాడు వాన కురుస్తుందే!" అని పెద్దవాళ్ళు కేకలేస్తారు. బియ్యం సంగతి అట్లా వుంచండి. కొందరు బలపాలు కొరుకుతారు, గోడసున్నం గీకి తింటారు, తొలకరి మట్టివాసనకు నోరూరుతున్నదంటారు. ఇంట్లో చేతిమీద ఒకటి వేస్తారు. వేసి లాభం లేదు. ఆ పిల్ల కంటి కిందిరెప్ప కాస్త కిందికి లాగి చూడండి. లోపల ఎర్రగా వుండవలసిన చోట పాలిపోయి వుంటే, అది పాడు అలవాటు కాకపోవచ్చు. ఒంట్లో ఇనుము తరిగి, రక్తం క్షీణించి, ఆ కోరిక పుడుతూ వుండవచ్చు.

మన పూర్వులకు ఈ సంబంధం తెలియక పోలేదు. చరకసంహిత పాండురోగాన్ని అయిదు రకాలుగా చెప్పి, మన్ను తినడం వల్ల వచ్చేదాన్ని అందులో ఒకటిగా లెక్కవేసింది. (పాండురాజు పేరులోనిదీ ఈ పాండువే. ఆయన కథ వేరు.) మన్ను వల్ల రోగమా, రోగం వల్ల మన్నా అంటే, ఇప్పటి వైద్యశాస్త్రం రెంటికీ తలవూపుతుంది.

నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణే గాని వైద్యుణ్ణి కాను. అయినా తరగతి ఎదుట నిలబడేవాడికి కొన్ని మొహాలు కనబడక మానవు. మేడమెట్లెక్కి వచ్చి రొప్పుతూ కూర్చునే పిల్ల, మొదటి గంటకే కునికే పిల్ల. "బద్ధకం, మాస్టారూ!" అని తండ్రుల తీర్పు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణాలో 57.6 అని తేలింది. ఇంతమందీ బద్ధకస్తులేనా?

హిమోగ్లోబిన్ పరీక్ష చేయించడం పెద్ద ఖర్చు కాదు. నూరు మిల్లీలీటర్ల రక్తంలో స్త్రీకి 12 గ్రాములు, గర్భిణికి 11, పురుషుడికి 13 – అంతకు తగ్గితే రక్తహీనతే. తగ్గిందనగానే టానిక్కు సీసా కొనడం మన ఆచారం. ఎందుకు తగ్గిందని ఎవరూ అడగరు! నెలసరిలో ఎక్కువ పోతున్నదా, కడుపులో కొంకిపురుగులున్నాయా చూడాలి. యాభై దాటిన మగవాడికి రక్తం తగ్గితే, పేగుల్లో ఎక్కడైనా కారుతున్నదేమో వెతకకుండా మాత్రలు మింగించడం ప్రమాదం సుమా. పుట్టుకతో తలసీమియా లక్షణం వున్నవారికి ఇనుము లోటు లేనప్పుడు ఇనుము మింగితే ఫలం లేదు. భార్యాభర్తలిద్దరికీ అదే లక్షణముంటే, పుట్టే ప్రతి బిడ్డకూ తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక పాలు. జాతకాలు చూపించేవారు రక్తం కూడా చూపించుకోవచ్చు.

ఇనుము లోటే అని తేలితే మాత్ర మంచిదే. మలం నల్లబడితే భయపడవద్దు. నిమ్మరసంతో పుచ్చుకుంటే ఒంటబడుతుంది. కాఫీ, టీ మాత్రం దానికి దూరంగా వుండాలి. మొహాన రంగు తిరిగిందని ఆపెయ్యకూడదు, డాక్టరు చెబితే మరి మూడు నెలలైనా వాడాలి.

ఇనుమొక్కటే కాదు, ఫోలిక్ ఆమ్లం తగ్గినా రక్తం క్షీణిస్తుంది. ఇక్కడ మనవాడొకాయన వున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించే జబ్బది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన పరిశోధకులు 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. ఆ స్ప్రూకే అది మందయింది. అయితే దీన్నీ తోచినట్లు మింగరాదు. లోటు బి12 విటమినుదైతే, ఒక్క ఫోలిక్ ఆమ్లంతో రక్తం మెరుగుపడినట్లే కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం చెడుతూనే వుంటాయి. మాంసం, గుడ్లు ముట్టనివారు, అందులోనూ పాలూ పెరుగూ అంతంతమాత్రంగా తీసుకునేవారు, అరికాళ్ళ తిమ్మిరిని వయసు మీదికి నెట్టకుండా బి12 పరీక్ష చేయించుకోవాలి.

పాలిపోవడంతోపాటు చిగుళ్ళ వెంట రక్తం, దెబ్బ తగలకుండానే ఒంటిమీద ఊదారంగు మచ్చలు, విడవని జ్వరం, మెడలో బిళ్ళలు – ఇవి కనిపిస్తే చిట్కాలతో కాలక్షేపం చెయ్యకుండా ఆనాడే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అది రక్తక్యాన్సరే కానక్కరలేదు, అయినా చికిత్స లేని జబ్బని బెంబేలు పడనక్కరలేదు. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే మందులనూ సుబ్బారావుగారి బృందమే తయారుచేసింది. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేటును పిల్లల రక్తక్యాన్సరుకు డాక్టర్లు ఇప్పటికీ ఇస్తున్నారు.