కొత్త ఉప్పునీటి తొట్టిలో చేప జబ్బు: మందుకు ముందు నీటి పరీక్ష

సముద్రపు అలంకరణ చేపలను ఇళ్లలో, కార్యాలయాలలో పెంచుకునే అభిరుచి మన పట్టణాలకు కూడా చేరింది. దానితోపాటు మత్స్య విస్తరణ శాస్త్రవేత్తలకు ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతున్నది: "తొట్టి పెట్టి మూడు వారాలైంది. చేపలు ఆయాసపడుతున్నాయి, మేత ముట్టడం లేదు. ఏ మందు వేయాలి?" మనలో చాలామంది ఆ ప్రశ్నకు వెంటనే ఒక మందు పేరుతో సమాధానం చెబుతాము. ఈ అలవాటును మానుకోవాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. రెండు నెలలు నిండని ఉప్పునీటి తొట్టి విషయంలో మందు మూడవ ప్రశ్న మాత్రమే. నీరు ఎలా ఉన్నదన్నది మొదటి ప్రశ్న. చేపను విడి తొట్టిలోకి మార్చారా అన్నది రెండవది. ఈ వరుస తప్పినప్పుడు జబ్బు కన్నా మన సలహాయే ఎక్కువ హాని చేస్తుంది.

ఒక స్వానుభవం

ఈ మాట ఇతరులను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. కొన్నేళ్ల క్రితం ఒక వ్యవసాయ ప్రదర్శనకు పది రోజుల ముందు 250 లీటర్ల తొట్టిలో కృత్రిమ సముద్రపు నీరు నింపి, ఆరు క్లౌన్ చేపలను, నాలుగు డామ్‌సెల్ చేపలను, రెండు రొయ్యలను, కొన్ని నత్తలను వదిలాను. ప్రదర్శన రెండవ రోజున చేపలు మొప్పలు వేగంగా ఆడిస్తూ నీటి పైభాగానికి చేరాయి. పరాన్నజీవి సోకిందని భావించి, మోతాదు జాగ్రత్తగా లెక్కగట్టి రాగి మందు అదే తొట్టిలో వేశాను. ఆ రాత్రి రొయ్యలు, నత్తలు చనిపోయాయి. తెల్లవారేసరికి నీరు పాలిపోయి ఉంది. స్టాలు దగ్గరకు వచ్చిన ఒక రొయ్యల రైతు తొట్టిని చూసి, "అమోనియా ఎంతుందండీ?" అని అడిగారు. నా వద్ద సమాధానం లేదు. అంతవరకు నేను ఆ నీటిని పరీక్షించనే లేదు.

చెరువు విషయంలో ఏ రైతుకైనా మనం మొదట వేసే ప్రశ్నను, గాజు తొట్టి దగ్గర నేను నాకు వేసుకోలేదు. నీరు పెట్టిన మరునాడే సీడు వదలమని మనం ఏ రైతుకూ చెప్పము. చెరువును ఎండబెట్టి, సున్నం వేసి, నీరు నింపి, నీటికి రంగు వచ్చాక వదలమంటాము. తొట్టికి కూడా అటువంటి తయారీ అవసరం. దాని రంగు కంటికి కనిపించదు, పరీక్షలో మాత్రమే తెలుస్తుంది.

కొత్త నీటిలో జరిగేదేమిటి?

చేపలు మొప్పల ద్వారా అమోనియాను విసర్జిస్తాయి. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే వెలువడుతుంది. ఒక వర్గపు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, మరొక వర్గం ఆ నైట్రైటును నైట్రేటుగాను మారుస్తాయి. సాధారణ బాక్టీరియా అరగంటలో రెట్టింపు కాగలిగితే, ఈ సూక్ష్మజీవులకు పలు గంటల నుంచి ఒక రోజుకు పైగా పడుతుంది. అందువల్ల కొత్త తొట్టిలో ఇవి చాలినంతగా స్థిరపడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు అవసరం. అమోనియా, నైట్రైటు రెండూ సున్నాకు చేరి, నైట్రేటు కనిపించడం మొదలైనప్పుడే తొట్టి సిద్ధమైనట్లు. అంతకు ముందు వదిలిన చేప తన విసర్జనలోనే ఊపిరి పీల్చుకోవలసి వస్తుంది.

మంచినీటి తొట్టిలో కొంత సాగిపోయే ఈ తొందర ఉప్పునీటిలో సాగదు. అమోనియాలో విషపూరితమైనది అయానీకరణ చెందని భాగం. పిహెచ్, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆ భాగం పెరుగుతుంది. పిహెచ్ 7 ఉన్న మంచినీటితో పోలిస్తే, పిహెచ్ 8.2 ఉన్న సముద్రపు నీటిలో అదే మొత్తం అమోనియాలో విషభాగం పది రెట్ల వరకు, కొన్నిసార్లు అంతకు మించి ఉంటుంది. పైగా ఉప్పునీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. 28 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీరు లీటరుకు సుమారు 7.8 మిల్లీగ్రాముల ప్రాణవాయువును నిలుపుకోగలిగితే, లీటరుకు 35 గ్రాముల ఉప్పదనం ఉన్న నీరు సుమారు 6.4 మిల్లీగ్రాములనే నిలుపుకుంటుంది. సముద్రపు చేప శరీరం నుంచి నీరు నిరంతరం బయటకు పోతూ ఉంటుంది. ఆ లోటును అది ఉప్పునీరు తాగి, అదనపు ఉప్పును మొప్పల ద్వారా వెలుపలికి పంపి పూడ్చుకుంటుంది. కనుక మొప్పలు దెబ్బతిన్న చేపకు ఊపిరితోపాటు ఒంట్లోని నీటి సమతుల్యత కూడా తప్పుతుంది. ఒక్క నైట్రైటు విషయంలో మాత్రం ఉప్పునీటి చేపకు కొంత వెసులుబాటు ఉంది. క్లోరైడు సమృద్ధిగా ఉండడం వల్ల దాని విషప్రభావం మంచినీటిలో కన్నా బాగా తక్కువ.

ఇందువల్లనే కొత్త తొట్టిలో ఆయాసపడే చేపను చూసి రోగమని నిర్ణయించడానికి ముందు అమోనియా, పిహెచ్, ఉప్పదనం, ఉష్ణోగ్రతలను కొలవాలి. అమోనియా ఉన్నట్లు తేలితే, సమాన ఉష్ణోగ్రత, ఉప్పదనం గల సిద్ధం చేసిన నీటితో మూడో వంతు నుంచి సగం వరకు మార్చడం, మేత ఆపడం, గాలి సరఫరా పెంచడం తక్షణ చికిత్స. ఈ మూడింటిలో ఏదీ మందు కాదు. అయినా చేపలు చాలావరకు కోలుకునేది వీటితోనే.

ఒకే పేరు, మూడు జబ్బులు

మన ప్రాంతపు విస్తరణలో ప్రత్యేకంగా గమనించవలసిన చిక్కు ఒకటి ఉంది. కోస్తా జిల్లాలలో "తెల్లమచ్చల వ్యాధి" అనగానే ఆక్వా రైతుకు స్ఫురించేది రొయ్యలకు వైరస్ వల్ల వచ్చే జబ్బు. మంచినీటి అలంకరణ చేపల పెంపకందారుకు అదే మాట ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ పరాన్నజీవి కలిగించే జబ్బును సూచిస్తుంది. ఉప్పునీటి చేపలలో తెల్లమచ్చలకు కారణం క్రిప్టోకారియన్ ఇరిటాన్స్ అనే మరొక పరాన్నజీవి. ఈ మూడింటికీ పేరు ఒకటే అయినా చికిత్స ఒకటి కాదు. మంచినీటి చేపల జబ్బుకు ఉప్పు వేయడం తెలిసినవారు సముద్రపు చేపకు కూడా ఉప్పు పెంచమని చెప్పిన సందర్భాలున్నాయి. అక్కడ నిజానికి ఉప్పదనం తగ్గించడమే చికిత్స.

క్రిప్టోకారియన్ జీవితచక్రం తెలిస్తే చికిత్స ఎందుకు అలా ఉంటుందో అర్థమవుతుంది. అది చేప చర్మం కింద, మొప్పలలో 3 నుంచి 7 రోజులు ఉండి, రాలిపోయి, అడుగున తిత్తిగా మారుతుంది. ఆ తిత్తి నుంచి కొత్త జీవులు వెలువడడానికి మూడు రోజుల నుంచి 72 రోజుల వరకు పట్టవచ్చు. వెలువడిన జీవి ఒకటి రెండు రోజులలో చేపను చేరకపోతే నశిస్తుంది. కనుక మచ్చలు మాయమవగానే "మందు పనిచేసింది" అనుకోవడం పొరపాటు. పరాన్నజీవి చేపను విడిచి అడుగుకు చేరి ఉండవచ్చు. కొన్ని రోజుల తరువాత అది మునుపటి కన్నా ఎక్కువ సంఖ్యలో తిరిగి వస్తుంది.

అమిలోడీనియం అనే మరొక పరాన్నజీవి బంగారు రంగు పొడి చల్లినట్లు కనిపిస్తుంది. ఒక్కొక్కసారి మచ్చ ఏదీ కనిపించకముందే మొప్పలలో చేరి, రెండు మూడు రోజులలో తొట్టిని ఖాళీ చేస్తుంది. ఉప్పదనం తగ్గించడం దీనిపై పనిచేయదు. ఈ రెంటినీ వేరు చేయడానికి కంటిచూపు చాలదు. మొప్పల నుంచి, చర్మం నుంచి తీసిన జిగురును సూక్ష్మదర్శిని కింద చూడాలి. ఆ పని మన జిల్లాలలోని ఆక్వా ప్రయోగశాలలకు కొత్త కాదు.

చికిత్స చేపకు, తొట్టికి కాదు

రాగి ఈ రెండు పరాన్నజీవులపైనా పనిచేస్తుంది. అయితే దాని పరిధి చాలా ఇరుకైనది. నీటిలో స్వేచ్ఛా రాగి లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్య రెండు మూడు వారాలు నిలకడగా ఉండాలి. అంతకన్నా తగ్గితే పరాన్నజీవి చావదు, పెరిగితే చేపే చస్తుంది. 100 లీటర్ల నీటికి కావలసిన మైలుతుత్తం సుమారు 60 నుంచి 80 మిల్లీగ్రాములు మాత్రమే. "చిటికెడు వేయండి" అనే మౌఖిక సలహా ఎంత ప్రమాదకరమో దీనినిబట్టి గ్రహించవచ్చు. పైగా రాళ్లు, గవ్వల ఇసుక ఉన్న తొట్టిలో రాగి వాటికి పట్టి నీటిలో తగ్గిపోతుంది. రొయ్యలు, నత్తలు, పగడాలు రాగిని తట్టుకోలేవు. అప్పుడే స్థిరపడుతున్న సూక్ష్మజీవులకు కూడా అది హానికరం. యాంటీబయాటిక్‌లను ప్రధాన తొట్టిలో వేసినా సూక్ష్మజీవులకు ఇటువంటి ముప్పే ఉంది. నా ప్రదర్శన తొట్టిలో జరిగింది ఇదే. మోతాదు సరైనదే, వేసిన చోటు తప్పు.

అందువల్ల చికిత్స విడి తొట్టిలోనే జరగాలి. ఇసుక, రాళ్లు లేని 50 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, గాలి పంపు, దాగడానికి ఒక పైపు ముక్క ఉంటే సరిపోతుంది. క్రిప్టోకారియన్ అని నిర్ధారణ అయితే మందు లేని మార్గం కూడా ఉంది. చేపను మూడు రోజులకొకసారి, కొత్త నీరు నింపిన శుభ్రమైన టబ్బులోకి మార్చాలి. ఇలా నాలుగు టబ్బులు, పన్నెండు రోజులు గడిస్తే రాలిన తిత్తులన్నీ వెనుకనే ఉండిపోతాయి. రెండు టబ్బులనే ఒకదాని తరువాత ఒకటి కడిగి, పూర్తిగా ఆరబెట్టి వాడుకోవచ్చు. మరొక పద్ధతిలో ఉప్పదనాన్ని క్రమంగా లీటరుకు 15–16 గ్రాములకు దించి కనీసం మూడు వారాలు ఉంచాలి. ఈలోగా ప్రధాన తొట్టిలో చేపలు లేకుండా చూడాలి. 72 రోజుల లెక్కను బట్టి ఆ గడువు పది, పదకొండు వారాలు ఉండడం క్షేమం.

రెండు అభ్యంతరాలు

చేప చనిపోతుండగా పరీక్షలంటూ జాప్యం చేయడం తగునా అని కొందరు అడుగుతారు. అమిలోడీనియం విషయంలో ఈ అభ్యంతరం న్యాయమైనదే. అక్కడ గంటలు కూడా విలువైనవి. అయితే అమోనియా పరీక్షకు పట్టేది పది నిమిషాలు. సూక్ష్మదర్శిని పరీక్ష కూడా అరగంటను మించదు. చేపను విడి టబ్బులోకి మార్చడానికి నిర్ధారణ కోసం ఆగనవసరం లేదు. కనుక నేను చెప్పే వరుసలో జాప్యం లేదు.

ఇది సంపన్నుల అభిరుచి, ప్రభుత్వ విస్తరణకు దీనితో పనేమిటన్నది రెండవ అభ్యంతరం. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలకు హేచరీ విధానాలను రూపొందించిన తరువాత, ఈ చేపల పెంపకం తీరప్రాంత యువతకు, మహిళా సంఘాలకు ఉపాధి మార్గం కాగలదని మనమే శిక్షణలలో చెబుతున్నాము. కొన్న చేప నెలలోగా చనిపోతే కొనుగోలుదారు రెండవసారి కొనడు. అంతేగాక, అమ్మకానికి వచ్చే సముద్రపు చేపలలో అనేక జాతులు నేటికీ పగడపు దిబ్బల నుంచి పట్టి తెచ్చినవే. తొట్టిలో చనిపోయిన ప్రతి చేప స్థానంలో మరొకటి సముద్రం నుంచి రావాలి. కొత్త తొట్టికి సూక్ష్మజీవులున్న సజీవ శిలలు తెచ్చుకోమని విదేశీ పుస్తకాలు చెబుతాయి. మన దేశంలో పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణలో ఉన్నాయి. కనుక ఆ సలహాను యథాతథంగా అందించడం మనకు తగదు. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి వడపోత పదార్థాన్ని కొంత తెచ్చి వాడడం, లేదా అమ్మోనియం క్లోరైడు కొద్దిగా వేస్తూ చేపలు లేకుండానే సూక్ష్మజీవులను పెంచడం మనకు అనువైన మార్గాలు.

చేయవలసినవి

నా ప్రతిపాదనలు నాలుగు. మొదటిది, ఆరు వారాల నీటి పరీక్షల నమోదు లేని ఉప్పునీటి తొట్టిని మన ప్రదర్శనలలో ఉంచరాదు. సందర్శకుడు మన మాటల కన్నా మన తొట్టినే అనుకరిస్తాడు. రెండవది, చేప జబ్బుపై ఫోనులో సలహా అడిగినవారిని మందు చెప్పకముందే ఐదు విషయాలు అడగాలి: తొట్టి వయస్సు, అమోనియా, పిహెచ్, ఉప్పదనం, చివరి చేపను వదిలిన తేదీ. మూడవది, మత్స్య కళాశాలల ప్రయోగ తరగతులలో ప్రతి విద్యార్థి బృందం ఒక చిన్న తొట్టిని చేపలు లేకుండా సిద్ధం చేసి, అమోనియా పెరిగి తగ్గడాన్ని స్వయంగా నమోదు చేయాలి. ఆ గ్రాఫును తన చేత్తో గీసిన విద్యార్థి మూడు వారాల తొట్టిలో మందు వేయమని చెప్పడు. నాలుగవది, తెలుగు కరపత్రాలలో "తెల్లమచ్చల వ్యాధి" అని రాసిన ప్రతిచోట అది రొయ్యలదా, మంచినీటి చేపలదా, సముద్రపు చేపలదా స్పష్టంగా పేర్కొనాలి.

వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త నిధులు అవసరం లేదు. కొత్తగా తెచ్చిన చేపను నాలుగు వారాలు విడిగా ఉంచడానికి, తొట్టిని ఆరు వారాలు ఖాళీగా నడపడానికి కావలసింది ఓపిక. దానిని ప్రజలకు బోధించే ముందు మనం అలవరచుకోవాలి. ఆనాడు ఆ రొయ్యల రైతు అడిగిన ప్రశ్నను ఇప్పుడు నా విద్యార్థులకు మొదటి పాఠంగా చెబుతున్నాను. జబ్బు చేప ముందు నిలబడినప్పుడు మొదట అడగవలసింది అదే: అమోనియా ఎంత ఉంది?