పాత కారుకు ఊపిరి పోసిన పూట

గత వేసవిలో ఒకనాటి మిట్టమధ్యాహ్నం, విజయవాడ కనకదుర్గ వారధి నడుమ మా కారు ఆగిపోయింది. ముందు రెండుసార్లు దగ్గింది. తరువాత వేగం తగ్గింది. చివరకు ఒక్క కుదుపు కుదిపి నిశ్శబ్దమైపోయింది. వెనుక లారీలు, పక్క సీటులో పన్నెండేళ్ల మా అబ్బాయి, కింద ఎండిన కృష్ణ. ఆ క్షణాన నాకు తోచిందల్లా ఒక్కటే: ఈ బండిని ఎప్పుడో అమ్మివేయవలసింది.

అది 1986 నాటి ప్రీమియర్ పద్మిని. ఇటలీ దేశపు ఫియట్ 1100 డి నమూనాను అనుసరించి బొంబాయిలో తయారైన ఆ బండి ఒకప్పుడు మధ్యతరగతి గృహస్థుల కలల పంట. దాని తయారీ ఏనాడో నిలిచిపోయింది. ముంబయి వీధులలో చివరి పద్మిని టాక్సీ సైతం 2023 అక్టోబరులో సెలవు తీసుకొంది. మా పద్మిని నాన్నగారిది. ఆయన పోయి నాలుగేళ్లయినా దానిని అమ్మడానికి నాకు మనసు రాలేదు.

ఇటువంటి సందర్భాలలో నాన్నగారు చేసే చిట్కా నాకు గుర్తుంది. బానెట్ ఎత్తి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి, పది నిమిషాలు చెట్టునీడన కూర్చొనేవారు. మండుటెండలో పెట్రోలు పైపులోనే ఆవిరై బుడగలు కడుతుంది. పంపు ద్రవాన్ని తోడగలదు గాని ఆవిరిని తోడలేదు. చల్లబడితే బుడగలు అణగి బండి కదులుతుంది. నేనూ మంచినీళ్ల సీసా మొత్తం పంపు మీద కుమ్మరించాను. అరగంట గడిచినా ఫలితం లేదు.

దారిన పోయే యువకుడొకడు జాలిపడి ఆగాడు. ట్యాంకునుండి రబ్బరు పైపుతో పెట్రోలును నోటితో లాగి, నేరుగా కార్బురేటరులో పోస్తానన్నాడు. నేను దాదాపు ఒప్పుకొన్నాను. ఇంతలో ఇంటికి లాగించుకుపోయే బండి దొరకడం నా అదృష్టమో, ఆ యువకుని అదృష్టమో.

మరునాడు ఒక దుకాణంలో కొత్త పంపు కొని, దానిని చంకన పెట్టుకొని బాబాయిగారి ఇంటికి వెళ్లాను. ఆయన మాకు బంధువు కారు. ముప్పై ఏళ్లపాటు మా బండిని చూసిన మెకానిక్. వయసు మీద పడి, చేతులు వణుకుతున్నందువల్ల షెడ్డు మూసివేశారు. నా వాలకం చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"పంపు కొన్నావు, సరే. పంపు పోయిందని నీకెవరు చెప్పారమ్మాయీ?"

నా దగ్గర సమాధానం లేదు.

"పద. నా చేతులు పట్టు చిక్కడం లేదు. నేను చెబుతాను, నువ్వు చెయ్యి" అన్నారాయన.

నేను ఇంగ్లీషు సాహిత్యం చదివినదాన్ని. అనువాదం నా వృత్తి. నాన్నగారి అలమరలో ఆ కారు సర్వీసు పుస్తకం ఉంది. అందులోని ప్రతి మాటకూ అర్థం చెప్పగలను గాని, ఆ మాట ఏ వస్తువుకు చెందినదో చూపించలేను. మా పెరటిలో వేపచెట్టు కింద కుర్చీ వేసుకొని కూర్చున్న బాబాయిగారు ఆ పూట నాకు పుస్తకంలోని మాటలను వస్తువులుగా చూపించారు.

పద్మిని వంటి పాత కార్లలో పెట్రోలు పంపు ఇంజను పక్కన రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. దానికి విద్యుత్తు అక్కరలేదు. ఇంజనులో తిరిగే క్యామ్‌షాఫ్టు మీది ఎత్తైన భాగం పంపు మీటను నొక్కుతుంది. ఆ మీట లోపలి డయాఫ్రం అనే పలుచని పొరను కిందికి లాగుతుంది. అప్పుడు ట్యాంకులోని పెట్రోలు పంపులోకి వస్తుంది. మీట వదలగానే స్ప్రింగు ఆ పొరను పైకి నెట్టుతుంది. పెట్రోలు కార్బురేటరుకు పోతుంది. కార్బురేటరు నిండితే దాని తలుపు మూసుకొంటుంది. పొర కిందనే నిలిచిపోతుంది. మీట ఊరికే ఆడుతుంది. కావలసినప్పుడు కావలసినంతే పంపడం దాని గుణం.

ఈ డయాఫ్రం అనే మాటను నేను లోగడ ఒక ఆరోగ్య గ్రంథంలో 'ఉదరవితానం' అని తెనిగించాను. మన ఛాతీకీ కడుపుకూ నడుమ ఉండే ఆ కండరం కిందికి దిగితే గాలి లోపలికి వస్తుంది, పైకి లేస్తే బయటికి పోతుంది. కారులోని పొర చేసే పనీ అదే. దాని ఊపిరి గాలి కాదు, పెట్రోలు.

"ముందు పంపు మీద నింద వేయకు" అన్నారు బాబాయిగారు. మీటరు ముల్లును నమ్మక, ట్యాంకులో పెట్రోలు నిజంగా ఉన్నదో లేదో చూడమన్నారు. మూత వదులు చేయించారు. ట్యాంకులోనికి గాలి పోయే దారి మూసుకొంటే ఎంత మంచి పంపైనా తోడలేదట. ఫిల్టరు చూశాం. ట్యాంకు వైపు రబ్బరు పైపులో బీట ఉంటే పెట్రోలుకు బదులు గాలి వస్తుందని దానిని వంచి చూశాం. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. చివరకు ఇంజను ఆయిలు మట్టం చూసే డిప్‌స్టిక్‌ను తీసి వాసన చూడమన్నారు. చూశాను. పెట్రోలు కంపు గుప్పుమంది. ఆయిలు మట్టం ఉండవలసిన గీతకన్నా పైకి ఉంది.

"పొర చిరిగింది. పెట్రోలు ఇంజనులోకి దిగుతోంది. ఆయిలు పలచబడ్డ ఇంజనును తోలితే బేరింగులు అరిగిపోతాయి. ఆ వారధి మీద ఆగిపోవడమే నీకు మేలయింది" అన్నారాయన.

నేను ఉత్సాహంగా స్పానరు అందుకొన్నాను. ఆయన చెయ్యి అడ్డుపెట్టారు. ఆ ముంజేతి మీద మోచేతి దాకా పాకిన కాలిన మచ్చ ఉంది. చిన్ననాటినుండి చూస్తూనే ఉన్నాను గాని, ఏనాడూ అడగలేదు. ఆనాడు అడిగాను.

"షెడ్డు తలుపులు వేసుకొని, బల్బు దగ్గర పెట్టుకొని పంపు విప్పాను. బల్బు జారి పడి పగిలింది. అంతే."

పెట్రోలు సున్నాకు నలభై డిగ్రీలు దిగువన సైతం అంటుకోగల ఆవిరినిస్తుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది. పైకి పోదు, నేల మీదనే పరచుకొని, దూరాన ఉన్న నిప్పును వెదుక్కొంటూ పోతుంది. అందుచేత ఈ పని ఆరుబయట, ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, పగటి వెలుగులో చేయాలి. సిగరెట్టు, దేవుని దీపం, దోమల చుట్ట, ఇస్త్రీపెట్టె దరిదాపులలో ఉండరాదు. పొడి చిమ్మే అగ్నిమాపక సిలిండరు, ఇసుక బకెట్టు చేతికందేలా ఉండాలి. పెట్రోలు మంట మీద నీళ్లు పోయరాదు. నీటిమీద తేలి మంట మరింత వ్యాపిస్తుంది. ఇక నోటితో లాగే అలవాటు మంటకన్నా తక్కువ ప్రమాదమేమీ కాదు. ఒక్క గుక్క పొరపాటున ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణం మీదికి రావచ్చు. మింగిన వారిచేత వాంతి చేయించరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. వారధి మీది యువకుడు గుర్తుకు వచ్చి నా ఒళ్లు జలదరించింది.

అబ్బాయిని పది అడుగుల దూరాన నిలబెట్టి పని మొదలుపెట్టాను. తొలుత బ్యాటరీ నెగటివ్ తీగె విప్పాను. రెండు పైపులలో ఏది ట్యాంకుదో, ఏది కార్బురేటరుదో గుర్తు కట్టాను. ట్యాంకు వైపు పైపు ఊడదీసి, కారకుండా దాని నోటిలో శుభ్రమైన బోల్టు దూర్చాను. కారిన నాలుగు చుక్కలూ డబ్బాలో పట్టాను. తరువాత రెండు బోల్టులూ కొంచెం కొంచెంగా, ఒకదాని తరువాత ఒకటి వదులు చేశాను. పాత పంపు ఊడి వచ్చింది. దాని వెనుక వేడి సోకకుండా ఉంచిన దళసరి ముక్కను, గాస్కెట్లను వరుస తప్పకుండా పళ్లెంలో పేర్చాను. వాటి మందం మారితే మీట కదలిక మారిపోతుందట. ఇంజనుకున్న రంధ్రంలో గుడ్డ కుక్కి, అంటుకొన్న పాత గాస్కెట్ తునకలను గీకివేశాను. గుడ్డను మరువక బయటికి తీశాను.

కొత్త పంపు పెట్టి బిగించబోతే అది ఒక వైపు ఎత్తుగా నిలిచింది. నేను బలం కొద్దీ స్పానరు తిప్పాను.

"ఆగు!" అన్నారు బాబాయిగారు. "బలం పెట్టాల్సి వస్తోందంటే, ఎక్కడో తప్పు చేస్తున్నావన్న మాట."

క్యామ్ ఎత్తు మీటకు ఎదురుగా వచ్చి ఉంది. ఇంజనును చేతితో కొద్దిగా తిప్పించారు. ఎత్తు పక్కకు తొలగింది. పంపు తన చోట తానే కూర్చొంది. ఆ తరువాత రెండు వేళ్ల బలం చాలింది.

పైపులు కూడా కొత్తవి వేశాం. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. 2025 నాటికి ఆ మిశ్రమం ఇరవై శాతానికి చేరింది. వెనుకటి కాలపు రబ్బరు కొన్ని రకాలది దానికి ఉబ్బవచ్చు, పెళుసెక్కవచ్చు. కనుక కొనేటప్పుడు పంపైనా పైపైనా ఇథనాల్‌ను తట్టుకొనేదేనా అని అడగడం మంచిది. పెట్రోలు కలిసిన ఇంజను ఆయిలు పారబోసి, కొత్త ఆయిలూ ఫిల్టరూ వేశాం. ఈ చివరి పని మరిచినవాడు పంపు మార్చీ ఇంజను పోగొట్టుకొంటాడు.

ఒక హెచ్చరిక. ఇదంతా కార్బురేటరు గల పాత బండ్లకే. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇంధనాన్ని చిమ్మే ఇప్పటి కార్లలో పంపు ట్యాంకులో మునిగి ఉంటుంది, విద్యుత్తుతో నడుస్తుంది. దాని పైపులలో ఒత్తిడి పాత పంపుకు సుమారు పది రెట్లు. ఆ పైపును ఇంటివద్ద తెలియక విప్పితే పెట్రోలు ముఖాన చిమ్ముతుంది. ఆ పని తెలిసినవారికే వదలాలి.

బ్యాటరీ తీగె మళ్లీ తగిలించి తాళం తిప్పాను. ఇంజను తిరిగింది గాని అందుకోలేదు. నా ముఖం వాడిపోయింది. "ఖాళీ పైపులు నిండనీ" అన్నారు బాబాయిగారు. మూడవ సారి పద్మిని దగ్గి, గొంతు సవరించుకొని, పలికింది. ఆయన మాత్రం సంతోషం కనబరచక, పంపు చుట్టూ తడి ఉన్నదేమో చూడమన్నారు. పొడిగానే ఉంది. అప్పుడు నవ్వారు.

పనిముట్లు సర్దుతూ, ఇక షెడ్డు పనికి దూరమయ్యానన్న దిగులు లేదా అని అడిగాను. ఆయన తన వణికే చేతుల వంకా, నల్లటి మసి పట్టిన నా చేతుల వంకా చూశారు.

"ఇందాకటి దాకా ఉండేది" అని, పక్క సీటులో కూర్చొంటూ అన్నారు: "వారధి దాకా పోనివ్వు. అబ్బాయిని కూడా ఎక్కించు. దారిలో వాడికి చెబుతాను, పంపు ఎలా ఊపిరి తీస్తుందో."