వినలేక రికార్డు ఓడు

పోయిన నెల ఒక మిత్రుడింట్లో పదిమందిమి కూర్చుని తలా ఒక రికార్డు పెట్టుకుని వింటున్నాం. నా వంతు వచ్చింది. 1940 నాటి క్రొయిట్జర్ సొనాటా పెట్టాను. రచన బేతోవెన్‌ది, వయొలిన్ జోసెఫ్ సిగెటి, పియానో బేలా బార్తోక్. మొదట చిరచిర, ఆ చిరచిర వెనక నుంచి ఒంటరిగా వయొలిన్. నిమిషం తిరక్కుండానే ‘ఏమిటండీ, పక్కింట్లో పోపు పెడుతున్నారా?’ అన్నారొకరు. ‘కమాను గీరుకుంటోంది’ అన్నారింకొకరు. మూడో ఆయన ఫోన్ తీసి, అదే సొనాటాకి కొత్త రికార్డు వెతికి, ‘ఇది పెట్టండి, క్లీన్‌గా ఉంది’ అన్నారు. పెట్టారు. రెండు నిమిషాల్లో అందరూ ఫ్లాట్ల రేట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. క్లీన్‌గా ఉన్న సంగీతం ఒక మూల తన మానాన తాను మోగుతోంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గరగర ఉన్నంతసేపూ ఆ గదిలో ప్రతి చెవీ నిక్కబొడుచుకునే ఉంది. గరగర పోగానే ఒక్క చెవీ మిగల్లేదు. మనకు కావలసింది సంగీతమా, మన మాటలకు అడ్డురాని చప్పుడా? ఈ ప్రశ్న ఆ పదిమందికే కాదు, పాత రికార్డు అనగానే మొహం చిట్లించే ప్రతి శ్రోతకీ వేస్తున్నాను.

ముందు ఆ రికార్డులో ఉన్న కచేరీ ఏమిటో తెలుసుకోండి. 1940 ఏప్రిల్ 13, వాషింగ్టన్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని కూలిడ్జ్ ఆడిటోరియం. ఐదు వందల మంది పట్టే చిన్న హాలు. వేదిక మీద ఇద్దరు హంగేరీవాళ్ళు, ఏళ్ళ తరబడి స్నేహితులు. బార్తోక్ తన మొదటి రాప్సొడీని సిగెటికే అంకితం ఇచ్చాడు. ఆ సాయంత్రం అదీ ఉంది, బార్తోక్ రెండో సొనాటా ఉంది, దెబుస్సీ సొనాటా ఉంది, క్రొయిట్జర్ ఉంది. అప్పటికి యూరప్‌లో యుద్ధం మొదలై ఏడు నెలలు. బార్తోక్ తల్లి పోయి నాలుగు నెలలు. నాజీల నీడ తన దేశం మీద పడుతుంటే చూడలేక, తల్లి ఉన్నన్నాళ్ళూ కదల్లేక నలిగిపోయిన మనిషి ఆయన. ఈ కచేరీ తర్వాత ఇంటికి వెళ్ళి, అదే ఏడాది అక్టోబరులో భార్యతో సహా దేశం విడిచాడు. 1945 సెప్టెంబరు 26న న్యూయార్క్‌లో కన్నుమూశాడు. మళ్ళీ హంగేరీ నేల తొక్కలేదు. ఆ చేతులు ఆ సాయంత్రం బేతోవెన్‌ని ఎలా పలికించాయో మనదాకా చేరిందంటే, అది ఆ గరగర పుణ్యమే. ఆ పుణ్యానికి మనం చెల్లించే కృతజ్ఞత, పోపు చప్పుడన్న వెక్కిరింత!

గరగరని తీసేయవచ్చు కదా అంటారు. తీశారు కూడా, చాలా పాత రికార్డులకి. ఏం జరిగింది? సూదిచప్పుడు ఉండే చోటే వయొలిన్ ఊపిరి కూడా ఉంటుంది. కమాను తీగని పట్టుకునే ఆ తొలి క్షణపు ఒరిపిడి, తీగ పైస్వరాల మెరుపు, అన్నీ అక్కడే. గట్టిగా వడకడితే చెత్తతో పాటు చిక్కదనమూ పోతుంది. మిగిలేది దూదిలో చుట్టిన వయొలిన్. అమ్మ ఉత్తరం మీద మరక ఉందని ఉత్తరాన్నే ఉతుకుతామా?

రెండో ఫిర్యాదు సిగెటి నాదం మీద. నునుపు లేదట, కమాను గీరుకుంటుందట, స్వరం నుంచి స్వరానికి జారుతాడట. జారడం తప్పని తెలుగువాడు అనడం విన్నప్పుడే నాకు ఒళ్ళు మండింది. గమకం మీద పెరిగిన చెవి మనది. స్వరానికి స్వరానికి మధ్య దారిలోనే ప్రాణం ఉందని మన పెద్దలు నేర్పారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డులు పెట్టుకుని ఆ చిరచిరల మధ్యనుంచే కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఇళ్ళు మనవి. విజయనగరం వయొలిన్‌కి ఇచ్చిన చెవిని బుడాపెస్ట్ వయొలిన్‌కి ఎందుకు ఇవ్వం? ఎవరో పడమటి విమర్శకుడు జారుడు పాతబడిందన్నాడని మన చెవిని మనమే తాకట్టు పెట్టుకుంటున్నాం. సిగెటి అందంగా వినిపించాలని వాయించలేదు. చెప్పాల్సిన మాట ఉంది, చెప్పాడు. కోపం వచ్చిన మనిషి గొంతు బొంగురుపోతుంది. ఆ బొంగురు కూడా మాటలో భాగమే. తేనె పూసిన గొంతుతో కోపం పలికేవాణ్ణి నేను నమ్మను.

మూడో ఫిర్యాదు తప్పుల మీద. అక్కడ స్వరం జారింది, ఇక్కడ వేలు తడబడింది అని లెక్కలు కట్టేవాళ్ళున్నారు. అయ్యా, అది కచేరీ. వాయించింది వాయించినట్టు డిస్కు మీద పడింది. టేపు స్టూడియోల్లోకి వచ్చింది 1940ల చివర్లో. ఆ తర్వాతే ఒకచోట బాగున్న ముక్కని ఇంకోచోట బాగున్న ముక్కకి అతికించడం మామూలైంది. ఆ అతుకుల సంగీతం విని విని, తప్పు జరగడమే నేరమనుకునే స్థితికి వచ్చాం. ఏ ఒక్క రోజూ, ఏ ఒక్క మనిషీ అలా వాయించి ఉండని దాన్ని కొలబద్దగా పెట్టుకుని, బతికున్న మనుషులు ఒక్క బిగిన వాయించినదాన్ని కొలుస్తున్నాం. ఇది అన్యాయం.

అసలు ఈ సొనాటా పుట్టుకే అంత. 1803 మే 24, వియన్నాలో ఆగర్టెన్ తోట, పొద్దున్నే కచేరీ. పియానో బేతోవెన్, వయొలిన్ జార్జ్ బ్రిడ్జ్‌టవర్. రెండో భాగం నకలు రాయడానికి కూడా వ్యవధి లేక, బ్రిడ్జ్‌టవర్ రచయిత చేతిరాతలోంచే చూసి వాయించాల్సి వచ్చింది. మొదటి భాగంలో పియానో ఆగి ఒక్క ఊపున పైకి పరుగెత్తే చోట, కాగితంలో లేని పరుగొకటి వయొలిన్ మీద తానూ తీశాడు. బేతోవెన్ మండిపడలేదు. లేచి వచ్చి కౌగిలించుకున్నాడని బ్రిడ్జ్‌టవరే రాసుకున్నాడు. రచయిత కౌగిలించుకున్న సాహసపు వారసులకి మనం మార్కులు కోస్తున్నాం!

అన్నిటికన్నా నాకు గుచ్చుకునే మాట ఇంకొకటుంది. ‘పియానో పక్కవాద్యం కాస్త ఎక్కువైంది’ అంటారు. పక్కవాద్యమా? బేతోవెన్ దీన్ని పియానోకీ వయొలిన్‌కీ రాశాడు, దాదాపు కాన్సర్టోలా ఉంటుందని ముఖపత్రం మీదే అచ్చువేయించాడు. ఇద్దరూ సమ ఉజ్జీలు. తొలి వాక్యం వయొలిన్‌ది, తోడు లేకుండా, వెలుగుతో. దానికి పియానో జవాబు చెబుతూ అదే వాక్యాన్ని చీకట్లోకి తిప్పుతుంది. ఆ ఒక్క మలుపు బార్తోక్ చేతిలో వినండి. ఒప్పుకోవడం కాదది, ఎదురు చెప్పడం. అక్కణ్ణుంచి మొదటి భాగమంతా ఇద్దరి మధ్య తేలని వాదమే. రెండో భాగంలో అదే మనిషి మెత్తబడతాడు. స్వరగుచ్ఛాన్ని ఒక్కసారి అదిమిపెట్టకుండా, వేళ్ళ కింద విప్పుకుంటూ, మాట వెతుక్కుంటున్నట్టు వాయిస్తాడు. దీన్ని ‘రెండు చేతులూ కలవడం లేదు’ అని తప్పు పట్టినవాళ్ళున్నారు. పియానో దిగ్గజం లిస్ట్ శిష్యుడికి శిష్యుడు బార్తోక్. అది పొరపాటు కాదు, ఒక తరం మాట్లాడిన యాస. యాసని ఉచ్చారణ దోషమనే అహంకారం మనకి కొత్త కాదు. మన జిల్లాల మాటల మీద కూడా అదే చూపించాం.

ఇక రెండో రకం శ్రోతలు. వీళ్ళు గరగర వినగానే చేతులు జోడిస్తారు. ‘మహానుభావులండీ, రోమాలు నిక్కబొడుచుకున్నాయి’ అంటారు. ఎక్కడ నిక్కబొడుచుకున్నాయో అడగండి, చెప్పలేరు. పేర్లకి దణ్ణం పెట్టడం వినడం కాదు. బార్తోక్ పేరు తెలియకపోతే ఇదే రికార్డుని మధ్యలో ఆపేసేవాళ్ళు వీళ్ళలో ఎందరో. మొదటి రకం చెవులు మూసుకుంటారు, రెండో రకం కళ్ళు మూసుకుంటారు. ఇద్దరికీ సంగీతంతో పనిలేదు.

నునుపైన నాదం పాపమని నేననను. 1962లో డేవిడ్ ఓయిస్ట్రఖ్, లేవ్ ఒబోరిన్ కలిసి చేసిన బేతోవెన్ సొనాటాలు నాకూ ఇష్టమే. కొత్తగా వినేవాళ్ళు అక్కడే మొదలుపెట్టండి, తప్పులేదు. కానీ అక్కడే ఆగిపోయి, ఇటువైపు గుమ్మం కూడా తొక్కకుండా ‘అది బాగోదు’ అని తీర్పు చెప్పకండి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వినలేక రికార్డు ఓడు అనకండి.

ఈ సొనాటాకి ఆ పేరెలా వచ్చిందో తెలుసా? బ్రిడ్జ్‌టవర్‌తో చెడి, బేతోవెన్ దీన్ని పారిస్‌లో పేరుమోసిన వయొలిన్ విద్వాంసుడు రొదొల్ఫ్ క్రొయిట్జర్‌కి అంకితం చేశాడు. ఆ పెద్దమనిషికి ఇది రుచించలేదు, ఒక్కనాడూ కచేరీలో వాయించలేదు. చేతిలోకి వచ్చిన అగ్నిని పక్కన పెట్టేసినవాడి పేరు మిగిలింది, దాన్ని మొదట రగిలించినవాడు మరుగున పడ్డాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత మనమూ అదే చేస్తున్నాం, మర్యాదగా, ఫోన్ మీద ఒక వేలు జరిపి.

ఈ రాత్రి ఆ ఫోన్ పక్కన పెట్టండి. ఇంట్లో దీపం తగ్గించండి. 1940 ఏప్రిల్ 13 సాయంత్రాన్ని మొదలుపెట్టండి. ఐదు నిమిషాలు ఓర్చుకుంటే చాలు, గరగర వాన చప్పుడులా వెనక్కి జరుగుతుంది. వాన అవతల ఇద్దరు స్నేహితులు గొంతెత్తి మాట్లాడుకుంటూ ఉంటారు. వాళ్ళలో ఒకరికి ఇంటి గడప దాటే రోజు దగ్గరపడింది. ఆ మాట పూర్తయ్యేదాకా లేవకండి.