సర్క్యులర్ కింద నలిగిన స్వయంప్రతిపత్తి

చైనా ఏలుబడిలోని ‘ఇన్నర్ మంగోలియా’ను ప్రవాసంలోని మంగోలు ఉద్యమకారులు ఆ పేరుతో పిలవరు. ‘లోపలి’ అన్నది బీజింగ్‌లో కూర్చున్నవారి చూపు. వారు తమ నేలను దక్షిణ మంగోలియా అంటారు. పేరు దగ్గర మొదలైన ఈ పేచీ నేడు పసిపిల్లల పాఠ్యపుస్తకం దాకా వచ్చింది.

ఆ ప్రాంతానికి స్వయంప్రతిపత్తి 1947 మే 1న ప్రకటించారు. చైనా ప్రజా రిపబ్లిక్ అప్పటికింకా పుట్టనేలేదు. ఆ వాగ్దానానికి దక్కిన ప్రతిఫలం ఏమిటి? సాంస్కృతిక విప్లవ కాలంలో వేర్పాటువాదులన్న నెపంతో 3,46,000 మందిని వేధించారనీ, వారిలో 16,222 మంది మరణించారనీ తరువాత ప్రభుత్వమే ఒప్పుకున్నది. నేడు అక్కడి దాదాపు 2.4 కోట్ల జనాభాలో మంగోలులు ఐదో వంతుకన్నా తక్కువ. సొంత గడ్డపైనే వారు అల్పసంఖ్యాకులు.

భూమి చేజారినా భాష మిగిలిందనుకున్నారు. 2020 ఆగస్టు చివరిలో ఆ ఆశపైనా వేటు పడింది. సెప్టెంబరు నుంచి మంగోలు బడులలో సాహిత్య పాఠం చైనీస్‌లో చెప్పాలని ఉత్తర్వు వచ్చింది. మరుసటి ఏడు రాజనీతి, 2022లో చరిత్ర అదే దారి పట్టాలన్నారు. తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపకుండా నిరసించారు. మంగోలు భాషలో నడిచే ‘బైను’ అనే సామాజిక మాధ్యమాన్ని అంతకుముందే మూసివేశారు.

దస్త్రాల మధ్య జీవితం గడిపిన మాకు ఈ పద్ధతి కొత్త కాదు. హక్కును రద్దు చేస్తున్నామని ఏ ప్రభుత్వమూ గెజిట్‌లో ప్రకటించదు. చట్టాన్ని అలాగే ఉంచి, కింద ఒక సర్క్యులర్ జారీ చేస్తుంది. చైనా రాజ్యాంగపు 4వ అధికరణం ప్రతి జాతికీ తన భాషను వాడుకొనే, పెంపొందించుకొనే స్వేచ్ఛ ఇచ్చింది. 19వ అధికరణం ఉమ్మడి భాషా వ్యాప్తిని ప్రభుత్వ బాధ్యతగా పేర్కొన్నది. 2021 జనవరిలో ఆ దేశ చట్టసభకు చెందిన అధికారులు ఈ రెండవదాన్ని పట్టుకొని, అల్పసంఖ్యాక భాషలో బోధన తప్పనిసరి చేసే కొన్ని స్థానిక నిబంధనలు రాజ్యాంగానికి సరిపడవని తేల్చారు. ఇచ్చిన చేత్తోనే లాక్కోవడమంటే ఇదే కదా!

చైనీస్ రాకపోతే ఉద్యోగాలు ఎలా వస్తాయని కొందరు అడుగుతారు. చైనీస్ నేర్చుకోబోమని ఆ తల్లిదండ్రులు అనలేదు. వారి పిల్లలు ఆ భాషను బడిలో ఎప్పటినుంచో చదువుతున్నారు. ఒక భాషను చేర్చడం వేరు, ఇంకొక భాషను దాని పీఠం నుంచి దింపడం వేరు. తన జాతి చరిత్రను పరాయి నుడిలో మాత్రమే చదివిన బిడ్డకు ఆ చరిత్ర కూడా పరాయిదే అవుతుంది.

ఇదంతా విదేశాలలో కూర్చున్నవారి కుట్ర అన్నది మరో ఆరోపణ. స్వదేశంలో మాట్లాడినవారి గతి ఏమైందో చూడండి. హోహోట్‌లో పుస్తకాల దుకాణం నడిపిన హదా, మంగోలుల హక్కుల కోసం సంఘం కట్టినందుకు 1995లో అరెస్టయి 15 ఏళ్ల శిక్ష అనుభవించారు. 2010లో గడువు తీరినా ఆయనకు స్వేచ్ఛ దక్కలేదు. లోపల నోరు నొక్కితే గొంతు బయట వినిపించక ఏం చేస్తుంది? 2001లో న్యూయార్క్ కేంద్రంగా ఏర్పడిన దక్షిణ మంగోలియా మానవ హక్కుల సమాచార కేంద్రం ఇలాంటి అరెస్టులనూ వేధింపులనూ నమోదు చేస్తూ వస్తున్నది. కాగితంపై చెరిపివేసేవారిని కాగితంతోనే ఎదుర్కోవడం సరైన పోరాటం.

ప్రవాసులలో కొందరు స్వాతంత్ర్యం కోరుతున్నారు, కొందరు నిజమైన స్వయంప్రతిపత్తి చాలునంటున్నారు. అది వారి ప్రజలు నిర్ణయించుకోవలసిన విషయం. స్వయం నిర్ణయాధికారమంటే అదే. ప్రజలందరికీ ఆ హక్కు ఉన్నదని మొదటి అధికరణంలోనే చాటే ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను చైనా 2001లో ఆమోదించింది.

కనుక ప్రవాసులు అడిగేది భిక్ష కాదు, సంతకం చేసిన మాట. ఆ పుస్తకాలు మళ్లీ మంగోలు లిపిలో రావాలి, నిరసించినందుకు జైలుపాలైనవారు ఇంటికి చేరాలి. అంతవరకు ‘స్వయంప్రతిపత్తి’ అన్న మాట కార్యాలయాల బోర్డులకే పరిమితం. అల్పసంఖ్యాకుల హక్కులను గౌరవించే ప్రతి ఒక్కరూ ఈ సంగతి బిగ్గరగా చెప్పవలసిన సమయమిది.