పరీక్షకు జంకని కాపరి

పౌలు బోధ విన్న బెరయ వాసులు తలూపి ఊరుకోలేదు. ఆయన చెప్పింది నిజమో కాదో తెలుసుకోవడానికి రోజూ లేఖనాలు పరిశీలించారు. పౌలు అంతటి వాడినే పరీక్షించిన ఆ శ్రోతలను బైబిల్ తప్పుపట్టలేదు, ఘనులని మెచ్చుకుంది.

గొర్రెతోలు కప్పుకొని తోడేళ్లు వస్తాయని క్రీస్తు ముందే హెచ్చరించాడు. వాటిని గుర్తుపట్టేదెలా? ప్రశ్నించొద్దనడమే మొదటి గుర్తు. అమెరికాలో పాస్టరుగా మొదలైన జిమ్ జోన్స్ బూటకపు స్వస్థతలతో జనాన్ని కూడగట్టాడు. చివరికి 1978 నవంబరు 18న గయానాలో అతణ్ని నమ్మి వెళ్లిన 900 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల విశ్వాసులకు మంచి ఉదాహరణ పొరుగునే ఉంది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠు రోగులకు ఆస్పత్రి తెరిచారు. అక్కడ ప్రార్థన మందును కాదనలేదు.

ఊరికి కొత్త బోధకుడు వస్తే మూడు సంగతులు చూడాలి. తన మాటను బైబిల్‌తో సరిచూసుకోనిస్తున్నాడా? కానుకల లెక్క సంఘం ముందు పెడుతున్నాడా? జ్వరంతో ఉన్న బిడ్డను దవాఖానాకు తీసుకుపొమ్మంటున్నాడా? నిజమైన కాపరి ఈ పరీక్షకు జంకడు. జంకేవాడి వెంట మంద నడవకూడదు.